తల్లి రక్తం - నిందకా? రక్షణకా?

మానవ శరీరంలో రక్తానికి రెండు ధర్మాలున్నాయి. నాళాలలో ఉన్నంతవరకు అది ఎడతెగకుండా ప్రవహించాలి. నాళం తెగినచోట వెంటనే గడ్డకట్టి ఆగాలి. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ధర్మాలను ఒకే ద్రవం నిర్వహించడం సృష్టిలోని వింతలలో ఒకటి. కొన్ని కుటుంబాలలో ఈ సమతూకం పుట్టుకతోనే కొంత తప్పి ఉంటుంది. అట్టివారి రక్తం అవసరానికి మించి గడ్డకట్టే స్వభావం కలిగి ఉంటుంది. వైద్యశాస్త్రం దీనిని థ్రాంబోఫిలియా అని వ్యవహరిస్తున్నది. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించే ఈ గుణం ఏళ్ళ తరబడి ఏ బాధా కలిగించకుండా నిద్రాణంగా ఉండి, స్త్రీ గర్భవతి అయినప్పుడో, ప్రసవించిన తరువాతనో బయటపడవచ్చు.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందుగానే నివేదిస్తాను. మన సమాజం ఈ దోషాన్ని వెదకవలసిన చోట వెదకక, వెదకనక్కరలేని చోట వెదకుతున్నది. గర్భం నిలవకపోయినప్పుడల్లా స్త్రీ రక్తాన్ని అనుమానిస్తున్నాము. కాని ఆ రక్తం వల్ల ఆమె ప్రాణానికే కలిగే ప్రమాదాన్ని, ముఖ్యంగా ప్రసవానంతరం కలిగే ప్రమాదాన్ని, పట్టించుకోవడం లేదు. పూర్వం గర్భస్రావమైతే కోడలి జాతకాన్నో, ఆమెకు తగిలిన దిష్టినో, ఆమె అడుగుపెట్టిన వేళనో నిందించేవారు. ఇప్పుడు పరీక్షాశాల నుండి వచ్చిన కాగితాన్ని చూపి ఆమె రక్తాన్ని నిందిస్తున్నారు. నింద మోసే తల మాత్రం మారలేదు. విజ్ఞానం పేరుతో సాగే ఈ పాత అన్యాయాన్ని విజ్ఞానంతోనే ఖండించవలసి ఉన్నది.

రక్తం గడ్డకట్టే విధానాన్ని మన ఊరి చెరువును తలచుకొంటే సులభంగా గ్రహించవచ్చు. చెరువుకట్టకు గండి పడితే ఊరివారంతా తట్టలతో మట్టి తెచ్చి పోస్తారు. గండి పూడిన తరువాత "ఇక చాలు" అని ఆపే పెద్దలు కొందరుండాలి. లేకపోతే అదే మట్టి తూములోను, కాలువలోను పడి నీటి పారుదలే నిలిచిపోతుంది. శరీరంలో నాళానికి గాయమైనప్పుడు థ్రాంబిన్ అనే పదార్థం పుట్టి, రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను దారాలవంటి ఫైబ్రిన్‌గా మార్చుతుంది. ఆ దారాల వలలో రక్తకణాలు చిక్కుకొని గడ్డ ఏర్పడుతుంది. ఈ పనిని సకాలంలో ఆపే పెద్దలు ఆంటిథ్రాంబిన్, ప్రోటీన్-సి, ప్రోటీన్-ఎస్ అనే మూడు పదార్థాలు. వీరిలో ఎవరైనా వంశపారంపర్యంగా తక్కువైతే, ఆపవలసిన పని ఆగక గాయం లేని చోట కూడా గడ్డలు కట్టే అవకాశం ఏర్పడుతుంది.

ఈ జ్ఞానం మనకు ఒక్కసారిగా లభించలేదు. 1965లో నార్వే దేశపు వైద్యుడు ఓలావ్ ఎగెబెర్గ్, రక్తపు గడ్డలతో బాధపడుతున్న ఒక కుటుంబంలో ఆంటిథ్రాంబిన్ లోపాన్ని గుర్తించాడు. 1981లో అమెరికాలో జాన్ గ్రిఫిన్ బృందం ప్రోటీన్-సి లోపాన్ని, 1984లో ఇతర పరిశోధకులు ప్రోటీన్-ఎస్ లోపాన్ని వెల్లడించారు. 1993లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్యోర్న్ డాల్‌బాక్, ప్రోటీన్-సి ఆజ్ఞను లెక్కచేయని రక్తం కొందరిలో ఉన్నదని కనుగొన్నాడు. దానికి కారణం ఫాక్టర్-5 జన్యువులో వచ్చిన ఒక చిన్న మార్పు అని 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు తేల్చారు. ఆ నగరం పేరుతోనే అది ఫాక్టర్-5 లైడెన్ అయింది. 1996లో అదే నగరం నుండి ప్రోథ్రాంబిన్ జన్యువులోని మరొక మార్పు వెలుగులోకి వచ్చింది.

ఇందులో గమనించదగిన అంశం ఒకటున్నది. ఈ దోషాలు తల్లి నుండి ఎంతగా సంక్రమిస్తాయో తండ్రి నుండీ అంతగానే సంక్రమిస్తాయి. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి సంతానానికీ, ఆడైనా మగైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. కనుక ఒక స్త్రీ రక్తంలో ఇట్టి గుణం కనబడినంత మాత్రాన అది ఆమె చేసిన పాపమూ కాదు, ఆమె పుట్టింటి ఆడవారి దోషమూ కాదు. అది ఆమె తాతగారి నుండి తండ్రిగారి మీదుగా వచ్చినదై ఉండవచ్చు. పురుషునికి గర్భపరీక్ష లేదు కనుక అది అతనిలో బయటపడలేదు. అంతే తేడా.

ఇక గర్భస్రావాల విషయం. 1990 దశకంలో పై జన్యువులు వెల్లడైనప్పుడు వైద్యులకు ఒక ఊహ కలిగింది. తల్లికీ బిడ్డకూ నడుమ ఉన్న మాయలోని సన్నని రక్తనాళాలలో గడ్డలు కట్టి, పిండానికి పోషణ ఆగి గర్భం పోతున్నదేమో అన్నది ఆ ఊహ. వినడానికి అది ఎంతో సమంజసంగా ఉన్నది. కొన్ని చిన్న అధ్యయనాలు దానిని సమర్థించినట్లు కనిపించాయి. అంతట రెండు గర్భాలు పోయిన స్త్రీకి రక్తపరీక్షల జాబితా రాయడం, అందులో ఏ ఒక్కటి కాస్త తేడాగా కనబడినా హెపారిన్ సూదిమందు నెలల తరబడి పొట్టపై పొడిపించడం ఆచారంగా మారింది.

అయితే సమంజసంగా ఉన్నదల్లా సత్యం కాదు. ఊహను పరీక్షకు పెట్టాలి. అట్టి పరీక్షలు జరిగాయి. థ్రాంబోఫిలియా ఉండి, గర్భంలో చిక్కులు వచ్చే అవకాశమున్న స్త్రీలకు హెపారిన్ జాతి మందు ఇచ్చి చూచిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. దానివల్ల గర్భనష్టం గాని, తదితర చిక్కులు గాని తగ్గలేదని అందులో తేలింది. 2023లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన మరొక అధ్యయనం ఐదు దేశాలలోని 40 ఆసుపత్రులలో జరిగింది. రెండు లేక అంతకంటె ఎక్కువ గర్భాలు పోయి, వంశపారంపర్య థ్రాంబోఫిలియా ఉన్నట్లు నిర్ధారణ అయిన 326 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి సూదిమందు ఇచ్చారు, రెండవ వర్గానికి ఇవ్వలేదు. సూదిమందు పొందినవారిలో నూటికి 72 మందికి సజీవ శిశువు జన్మించగా, పొందనివారిలో నూటికి 71 మందికి జన్మించింది. ఈ రెండు సంఖ్యల మధ్య చెప్పుకోదగిన భేదం లేదు.

ఈ ఫలితాన్ని సూదిమందు వ్యర్థమన్న నిరాశావాక్యంగా చదవరాదు. ఇందులో దాగిన ఓదార్పును చూడాలి. రక్తంలో దోషమున్నది, పలుమార్లు గర్భం పోయింది, ఏ సూదీ వేయలేదు. అయినా నూటికి 71 మంది తల్లులయ్యారు. ఆ స్త్రీలు మంచి వైద్య పర్యవేక్షణలో ఉన్న మాట నిజమే. అయినప్పటికీ, "నీ రక్తం చెడ్డది, నీకు పిల్లలు నిలవరు" అని కోడలిని ఈసడించే ప్రతి ఇంటిలోను ఈ సంఖ్యను వినిపించవలసి ఉన్నది. మొదటి మాసాలలో జరిగే గర్భస్రావాలలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల పొరపాటు వల్ల జరుగుతాయి. అవి ఆ ఒక్క గర్భానికి చెందిన యాదృచ్ఛిక ఘటనలే గాని, తల్లి నడిచినందుకో, పని చేసినందుకో, ఏదో తిన్నందుకో వచ్చినవి కావు.

న్యాయంగా మరొక పక్షాన్ని కూడా చెప్పాలి. నెలలు నిండుతున్న దశలో జరిగే గర్భనష్టానికీ ఈ దోషాలకూ కొంత సంబంధమున్నట్లు చూపిన అధ్యయనాలున్నాయి. కనుక సంబంధమే లేదని కొట్టిపారవేయడం శాస్త్రీయం కాదు. సంబంధమున్నంత మాత్రాన చికిత్స ఫలిస్తుందని అనుకోవడమూ శాస్త్రీయం కాదు. అంతేగాక, పేరులో దగ్గరగా ఉన్నా స్వభావంలో వేరైన వ్యాధి మరొకటున్నది. దానిని ఆంటిఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. లండన్‌లో గ్రాహం హ్యూస్ 1983లో దీనిని వర్ణించాడు. ఇది సాధారణంగా వంశపారంపర్యం కాదు, నడుమ వచ్చే వ్యాధి. పదేపదే గర్భస్రావమయ్యే స్త్రీలో దీనిని తప్పక పరీక్షించాలి. ఎందుకంటే దీనికి చికిత్స ఫలిస్తుంది. 1997లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, ఈ వ్యాధి గల స్త్రీలకు ఆస్పిరిన్ మాత్రమే ఇచ్చినప్పుడు నూటికి 42 మందికి, ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ ఇచ్చినప్పుడు 71 మందికి సజీవ శిశువులు జన్మించారు. అయితే ఒక్క పరీక్షతో ఈ వ్యాధిని నిర్ణయించరాదు. 12 వారాల వ్యవధి తరువాత రెండవసారి కూడా పరీక్షించి నిర్ధారించాలి. ఫలించే చోట వైద్యం చేయించుకోకపోవడం ఎంత తప్పో, ఫలించని చోట చేయించుకొని ఇల్లు గుల్ల చేసుకోవడం అంత తప్పు.

మన పరీక్షాశాలలు అందిస్తున్న జాబితాను ఒకసారి పరిశీలించండి. ఫాక్టర్-5 లైడెన్ అందులో ముందుంటుంది. ఐరోపా జాతులవారిలో నూటికి సుమారు ఐదుగురిలో ఈ మార్పు కనిపిస్తుంది. భారతీయులలో ఇది అరుదు. ప్రోథ్రాంబిన్ జన్యువులోని మార్పు మరీ అరుదు. లైడెన్‌లో పుట్టిన ప్రశ్నను మన ఊరి ఆడపడుచు రక్తంలో వెదకడానికి వేలాది రూపాయలు వెచ్చిస్తున్నామన్నమాట. అదే జాబితాలో ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యుపరీక్ష కూడా ఉంటుంది. పదేపదే గర్భస్రావమైన స్త్రీలకు ఈ పరీక్ష చేయవద్దని అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర కళాశాల 2013లోనే సూచించింది. ప్రోటీన్-ఎస్ సంగతి మరింత విచిత్రం. గర్భం ధరించిన ప్రతి ఆరోగ్యవంతురాలిలోను అది సహజంగానే తగ్గుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు దానిని కొలిచి, తక్కువగా ఉన్నదని చెప్పి, ఆమెపై జీవితాంతం ఉండే ముద్ర వేయడం ఎంతవరకు సబబు? గర్భస్రావం ఒక్కటే కారణంగా ఈ వంశపారంపర్య పరీక్షలు చేయించనవసరం లేదని ఐరోపా, అమెరికా వైద్య సంఘాలు సూచిస్తున్నాయి. ఆమెకు గాని, ఆమె రక్తసంబంధీకులకు గాని ఎన్నడైనా సిరలలో రక్తం గడ్డకట్టి ఉంటే అది వేరే మాట.

"దుఃఖంలో ఉన్న దంపతులకు ఒక సూది ఆశ కలిగిస్తే మీకేమి నష్టం?" అని కొందరు ప్రశ్నించవచ్చు. నష్టమున్నది. ఆ మందు ఖరీదైనది. నెలల తరబడి వాడితే మధ్యతరగతి కుటుంబానికి పెనుభారం. దానివల్ల రక్తస్రావం జరిగే అవకాశమున్నది. ప్రసవ సమయంలో వెన్నులో మత్తుమందు ఇవ్వడానికి అడ్డంకులు వస్తాయి. వీటన్నిటికంటె పెద్ద నష్టం మరొకటున్నది. బిడ్డ కోసం పెట్టవలసిన శ్రద్ధ అంతా పెట్టామని కుటుంబం తృప్తిపడి, ప్రసవం కాగానే ఆ శ్రద్ధను మూటకట్టి అటకపై పెడుతుంది. అసలు ప్రమాదకాలం సరిగ్గా అప్పుడే ఆరంభమవుతుంది.

అది ఎందువల్లనో తెలుసుకోవాలి. నిండు నెలలలో గర్భాశయానికి నిమిషానికి అరలీటరుకు మించిన రక్తం ప్రవహిస్తుంది. మాయ విడివడిన క్షణాన ఆ ప్రవాహం ఆగకపోతే తల్లి నిమిషాలలో ప్రాణాలు కోల్పోతుంది. ఆ గడియ కోసం ప్రకృతి నెలల ముందు నుండే రక్తంలో గడ్డకట్టించే పదార్థాలను పెంచి, ఆపే పదార్థాలను తగ్గించి సిద్ధం చేస్తుంది. తల్లిని కాపాడే ఈ ఏర్పాటే మితిమీరితే ఆమెకు శత్రువవుతుంది. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో పేరు మీద ప్రసిద్ధి చెందిన సూత్రం ప్రకారం రక్తం అస్థానంలో గడ్డకట్టడానికి మూడు హేతువులున్నాయి. అవి ప్రవాహం మందగించడం, నాళపు గోడకు గాయం కావడం, రక్తపు గుణం మారడం. గర్భిణిలోను, బాలింతలోను ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. సాధారణ స్త్రీకంటె గర్భిణికి సిరలలో గడ్డలు ఏర్పడే అవకాశం నాలుగైదు రెట్లు ఎక్కువ. మొత్తం మీద వేయి గర్భాలలో ఒకటి రెండింటిలో ఇట్లు జరుగుతుంది. ప్రసవానంతరం మొదటి ఆరు వారాలలో రోజువారీ ప్రమాదం అన్ని కాలాలకంటె అధికం. వంశపారంపర్య దోషమున్నవారిలో, విశేషించి ఆంటిథ్రాంబిన్ లోపమున్నవారిలో, ఇది మరింత పెరుగుతుంది. గర్భస్రావాల విషయంలో సందేహాస్పదంగా ఉన్న సంబంధం, తల్లి ప్రాణం విషయంలో నిస్సందేహంగా రుజువైనది.

సిజేరియన్ శస్త్రచికిత్స ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ప్రసవాలలో నూటికి 21.5 సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దేశంలో మరే రాష్ట్రంలోను తెలంగాణలో జరిగినన్ని శస్త్రచికిత్సా ప్రసవాలు నమోదు కాలేదు. మరొక లెక్క చూద్దాం. 2018-20లో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశంలో 97 కాగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది మన వైద్య సిబ్బంది సాధించిన ఘనవిజయం. అయితే రక్తస్రావపు మరణాలను అరికట్టిన కొద్దీ గడ్డల వల్ల కలిగే మరణాలు ముందుకు వస్తాయి. బ్రిటన్‌లో 2020-22 మధ్యకాలంలో మాతృమరణాలకు ప్రథమ కారణం రక్తపు గడ్డలే. మనం నడుస్తున్న దారిలో ముందున్న మైలురాయి అది.

ఇప్పుడు మన ఇండ్లలోని పురుటి ఆచారాలను స్మరించండి. ముస్లిం కుటుంబాలలో చిల్లా అనే నలభై రోజుల విశ్రాంతి ఉన్నది. హిందూ కుటుంబాలలో బాలింత పథ్యం, పురుటి గది ఉన్నాయి. ఈ ఆచారాలను నేను ఎగతాళి చేయడం లేదు. అలసిన తల్లిని ఇంటి పనుల నుండి తప్పించి, నలుగురూ ఆమెకు సేవ చేయడం మన పెద్దల దయకు నిదర్శనం. కాని విశ్రాంతి అంటే మంచం దిగకపోవడం అన్న అర్థం ఎట్లు వచ్చిందో, బాలింతకు చన్నీళ్ళు పనికిరావన్న మాట కాస్తా నీళ్ళే పనికిరావన్న నియమంగా ఎట్లు మారిందో ఆలోచించాలి. కదలకపోతే కాళ్ళలో రక్తం నిలుస్తుంది. నీళ్ళు తాగకపోతే రక్తం చిక్కబడుతుంది. రక్తహీనత తోడైతే ముప్పు పెరుగుతుంది. బాలింతకు తలనొప్పి తగ్గక, వాంతులై, మూర్ఛ వస్తే గాలి సోకిందనీ, సన్నిపాతమనీ అనుకొని తాయెత్తులు కట్టినవారు రెండు మతాలలోను ఉన్నారు. వారిలో ఎందరికో మెదడులోని సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ ఇట్టి రోగులు 428 మంది వివరాలను 2012లో ప్రకటించింది. రక్తహీనత, ప్రసవానంతర స్థితి అందులో పేర్కొన్న కారణాలలో ఉన్నాయి. కనుక నలభై రోజుల సేవను అట్లే ఉంచుకొందాం. అందులో కావలసినన్ని నీళ్ళను, గదిలో నాలుగడుగుల నడకను చేర్చుదాం. అంతమాత్రాన ఆచారం చెడదు, తల్లి బ్రతుకుతుంది.

లక్షణాలను ప్రతి ఇంటిలోను గుర్తుంచుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిపెట్టి, రంగు మారితే అనుమానించాలి. గర్భిణులలో ఇది ఎక్కువగా ఎడమ కాలికి వస్తుంది. ఆ పక్క సిర పైనుండి ధమని అడ్డంగా పోవడమే దానికి కారణం. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, కఫంలో రక్తం కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని భయపడాలి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ మెదడుకు సంబంధించిన హెచ్చరికలు. వీటికి కాపడం పెట్టడం గాని, కాలు మర్దన చేయడం గాని తగదు. గంటలు లెక్కపెట్టుకొని ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. కాలి సిరలో గడ్డను అల్ట్రాసౌండ్ పరీక్షతో, ఏ కోతా లేకుండా, కనిపెట్టవచ్చు.

పైన నేను హెపారిన్‌ను విమర్శించలేదు, దాని దుర్వినియోగాన్ని విమర్శించాను. గతంలో గడ్డకట్టిన స్త్రీకి, బలమైన వంశపారంపర్య దోషమున్న స్త్రీకి, గర్భకాలంలోను ప్రసవానంతరం ఆరు వారాలు అది ప్రాణదాత. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి, కుక్క కాలేయం నుండి రక్తాన్ని గడ్డకట్టనీయని పదార్థాన్ని తీసి చూపాడు. ఆ పరిశోధన నుండే హెపారిన్ పుట్టింది. ఒక విద్యార్థి కృషి ఎంతటి ఫలాన్నిస్తుందో మన విద్యార్థులు గమనింతురు గాక. ఈ మందు మాయను దాటి బిడ్డను చేరదు. చనుబాలిచ్చే తల్లీ వాడవచ్చు. మాత్రల రూపంలో ఉండే వార్ఫరిన్ అట్లు కాదు. అది మాయను దాటుతుంది. ముఖ్యంగా ఆరవ వారం నుండి పన్నెండవ వారం వరకు పిండానికి అంగవైకల్యం కలిగించవచ్చు. అందుచేత అట్టి మాత్రలు వాడుతున్న స్త్రీ గర్భం కోరినప్పుడే వైద్యునికి తెలియజేయాలి.

ఈ సందర్భంలో మన పాఠకులలో పలువురి మనసులో మెదిలే ప్రశ్న ఒకటున్నది. నేడు వాడుకలో ఉన్న హెపారిన్ ప్రధానంగా పంది ప్రేగుల లోపలి పొర నుండి తయారవుతుంది. మతనిష్ఠ గల ముస్లిం కుటుంబానికి ఈ సంగతి తెలిస్తే మనసు కలత చెందడం సహజం. చెప్పకుండా దాచడం మర్యాద కాదు. విన్న వెంటనే మందు మాన్పించడం వివేకమూ కాదు. ప్రాణరక్షణకు మరో మార్గం లేనప్పుడు నిషేధం సడలుతుందన్న సూత్రం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో సుప్రసిద్ధం. జంతు సంబంధం లేకుండా కృత్రిమంగా తయారయ్యే ఫాండాపారినక్స్ అనే మందు కూడా ఉన్నది. అయితే గర్భిణులలో దాని అనుభవం తక్కువ. అందుచేత వైద్యుడూ, అవసరమైతే ధర్మశాస్త్రవేత్తా, కుటుంబమూ ముందుగానే కూర్చుండి మాట్లాడుకోవాలి. తల్లి ప్రమాదంలో ఉన్న అర్ధరాత్రి ఈ చర్చకు సమయం కాదు.

ఇక పెండ్లి మాటల దగ్గరకు వద్దాం. ఈ దోషాలను కనిపెట్టడానికి ఏ జన్యుపరీక్షకూ తీసిపోని సాధనం మన ఇంటిలోనే ఉన్నది. అది కుటుంబ చరిత్ర. "మీ ఇంట చిన్న వయసులోనే కాలి సిరలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టిన వారున్నారా? పురుటి తరువాత అకస్మాత్తుగా మరణించిన స్త్రీలున్నారా?" ఈ రెండు ప్రశ్నలకు వెల లేదు. కాని సమాధానం దొరకదు. సంబంధం చెడుతుందన్న భయంతో ఆడపిల్ల వారు దాస్తారు. మగపిల్ల వారిని అడిగేవారే లేరు. అత్తవారింట చెప్పుకోలేని సంగతిని ఆ పిల్ల ఆసుపత్రిలోనూ చెప్పుకోలేదు, ఎందుకంటే పక్కన అత్తగారే నిలబడి ఉంటారు. గర్భనిరోధక మాత్రలలో ఈస్ట్రోజెన్ ఉన్నవి గడ్డల ప్రమాదాన్ని పెంచుతాయి. కుటుంబ చరిత్రను దాచిన పిల్లకు ఆ మాత్రలూ అపాయమే. ఈ దాపరికానికి కారణం ఆమె పిరికితనం కాదు. చెప్పిన పిల్లను నిందించే మన స్వభావమే.

మన ప్రాంతంలో మేనరికం హిందువులలోను, పినతండ్రి, పెదతండ్రి, మేనమామ, మేనత్త బిడ్డలతో వివాహం ముస్లింలలోను చిరకాలంగా ఉన్నాయి. ఒకే తాత నుండి వచ్చిన దోషం భార్యాభర్తలిద్దరిలోను ఉన్నప్పుడు, బిడ్డకు రెండు వైపుల నుండీ అది సంక్రమించే అవకాశమున్నది. ప్రోటీన్-సి లోపం రెండింతలై పుట్టిన శిశువుకు, జన్మించిన కొద్ది గంటలలోనో రోజులలోనో చర్మంపై నల్లని మచ్చలు వ్యాపించి ప్రాణాపాయం కలుగుతుంది. ఇది చాలా అరుదు. కనుక దగ్గరి సంబంధాలన్నిటిని దుయ్యబట్టడం నా ఉద్దేశం కాదు. ఇట్టి చరిత్ర ఉన్న కుటుంబంలో దగ్గరి సంబంధం కలుపుకొనేముందు వైద్య సలహా తీసుకోవాలని మాత్రమే నా మనవి. సంబంధం తెంచడానికి కాదు, పుట్టబోయే బిడ్డకు సిద్ధపడడానికి.

ఆచరణకు సంబంధించిన రెండు సూచనలతో ముగిస్తాను. మొదటిది, గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు ఆమె రక్తసంబంధీకులలో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన వ్యాధి ఉన్నదా అన్న ప్రశ్న తప్పక అడగాలి. ఆ ప్రశ్న ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి అడగాలి. రెండవది, ఆసుపత్రిలో ప్రసవమైన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్ళి శిశువును పరిశీలించే ఏర్పాటు ఇప్పటికే ఉన్నది. 42 రోజులంటే ఆరు వారాలు. తల్లికి ప్రమాదమున్న కాలం కూడా అదే. ఆమె శిశువును తూచిన తరువాత ఒక్క నిమిషం తల్లి రెండు కాళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి. ఊపిరి ఎట్లున్నదో, తలనొప్పి ఉన్నదో లేదో అడగాలి. దీనికి కొత్త పథకం అక్కరలేదు, కొత్త ఖర్చు అక్కరలేదు. కొద్దిపాటి శిక్షణ, తల్లి కూడా ఒక ప్రాణి అన్న ఎరుక ఉంటే చాలు.

విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీరే భర్తలు, భార్యలు, అత్తమామలు, వైద్యులు, ఉపాధ్యాయులు కాబోతున్నారు. మీ ఇంటి పెద్దలను అడిగి మీ వంశపు ఆరోగ్య చరిత్రను ఒక కాగితంపై వ్రాసిపెట్టుకోండి. తండ్రి వైపు ఎవరెవరు, తల్లి వైపు ఎవరెవరు, ఏ వయసులో, ఏ వ్యాధితో అని వివరంగా వ్రాయండి. పెండ్లి మాటలలో కట్నకానుకల జాబితా చదవడానికి సిగ్గుపడని మనం ఈ జాబితా చదవడానికి సిగ్గుపడనవసరం లేదు. రక్తం ఇద్దరి నుండి వస్తుంది. దాని భారాన్ని ఒక్కరి నెత్తిన వేయడం శాస్త్రం ఒప్పదు, ధర్మమూ ఒప్పదు.